దారం కింద పందొమ్మిదో కార్డు

పోయిన వారం మనం వరసమ్మను లిఫ్టు ముందు వదిలేసి వచ్చాం. పాపం, అప్పటినుంచీ అక్కడే నిలబడి ఉంది. కొత్తగా చదవడం మొదలుపెట్టినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ఆవిణ్ని లిఫ్టు ఎక్కించేద్దాం.

వరసమ్మ అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. వ్యవసాయ శాఖలో ఏ పని ముందు చెయ్యాలి, ఏది తర్వాత చెయ్యాలి అని వరస పేర్చే బల్ల దగ్గర పద్దెనిమిదేళ్లుగా కూర్చుంటోంది కనక ఆఫీసువాళ్లు తగిలించిన పేరు. సొంత పొలమో నాలుగు ఆవులో పెట్టుకుని ఇంటిల్లిపాదీ ఒళ్లు వంచే చిన్న రైతు కుటుంబాలకి వచ్చే ఐదేళ్లలో సర్కారు ఏమేం చెయ్యాలో తేల్చే పని ఈ ఏడు ఆవిడ నెత్తిన పడింది. పని సగంలో ఉండగా తమ్ముడు పోయాడు. అతనికి ఎనిమిది ఆవులు. మరదలు పాకలో జారిపడి కుడి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఆ చెయ్యి ఇంకా కట్టులో ఉండగానే తమ్ముడికి జ్వరం పట్టుకుంది. ఆస్పత్రిలో చేరమని డాక్టరు మొత్తుకుంటే "సాయంత్రం పాలు తీసేసి వస్తానండీ" అన్నాడు. అలా తొమ్మిది సాయంత్రాలు పాలు తీశాడు. పదో రోజు పొద్దున పాకలోంచి లేచి రాలేదు.

అది జరిగి ఇరవై రెండు రోజులు. ఇవాళ ఆఖరి సమావేశానికని వరసమ్మ లిఫ్టు మీట నొక్కింది. తలుపులు తెరుచుకునేసరికి లోపల మరదలు నిలబడి ఉంది. మెడలో సందర్శకుల బిళ్ల, చేతిలో కమిటీ పిలుపు కాగితం.

"ఎక్కండి వదినా," అంది మరదలు. "ఐదో అంతస్తే కదా?"

వరసమ్మ ఎక్కింది. చెయ్యి ఎలా ఉందని అడిగింది.

"కట్టు విప్పేశారు. బరువులు ఎత్తొద్దన్నారు. కమిటీలో ఆయన సీటు నాకిచ్చారండీ మా పాడివాళ్లు. ఇవాళ ఒక్క రోజే కదా, వెళ్లి కూర్చునిరా అన్నారు."

"నాకు చెప్పాల్సింది."

"చెబితే మీరు వద్దంటారని."

నిజమే, అనేదే. లిఫ్టు మూడో అంతస్తులో ఆగి ఎవరూ ఎక్కకుండానే మళ్లీ కదిలింది. మరదల్ని దగ్గరికి తీసుకుని ఏడవాలని వరసమ్మకి తెలుసు. అలా ఏడ్చే ఆడవాళ్లని ఆవిడ బోలెడుమందిని చూసింది. కానీ ఏడుపు రావాలి కదా! అంత్యక్రియలనాడు రాలేదు, తర్వాతా రాలేదు. నాలుగో రోజుకే ఆఫీసుకి వచ్చి కూర్చుంటే అందరూ ముక్కున వేలేసుకున్నారు. "ఎంత గుండెధైర్యమండీ మీకు" అన్నారు. ధైర్యమా పాడా! టీ తాగితే వేడి తెలుస్తుంది, రుచి తెలియదు. ఫోను మోగితే వినపడుతుంది, ఎత్తాలనిపించదు. ఇరవై రెండు రోజులుగా ఆవిడ బతుకు అలాగే నడుస్తోంది.

సమావేశం గది చూడాల్సిందే. పొడుగాటి బల్ల, చుట్టూ కుర్చీలు. ఒక గోడ నిండా అరచేతి వెడల్పున తెల్ల అట్టలు, ఒకదాని కింద ఒకటి, మొత్తం ఇరవై మూడు. ఒక్కో అట్ట మీదా ఒక్కో పని రాసి ఉంటుంది. పైనుంచి పన్నెండో అట్ట కింద, ఈ మేకు నుంచి ఆ మేకుకి ఎర్ర దారం కట్టి ఉంది. ఐదేళ్లలో శాఖ చేతుల్లో అయ్యే పనులు పన్నెండే. దారం పైనున్నవి చేస్తారు, కిందున్నవి వచ్చే ఐదేళ్లకి చూస్తారు. ఈ పద్ధతి వరసమ్మ తెచ్చిందే. అంతకుముందు కాగితాల మీద చేసేవారు, కాగితాలైతే రాత్రికి రాత్రి మారిపోయేవి. గోడ మీదైతే అందరి కళ్లముందూ ఉంటుంది. ఆఫీసులో ఇప్పుడు ఎవరి బదిలీ అర్జీ పక్కనపెట్టినా "పాపం, దారం కింద పడ్డాడు" అంటారు.

గదిలో అప్పటికే ముగ్గురున్నారు. బల్ల మొదట్లో పెద్దసారు, కమిటీకి అధ్యక్షుడు. ఆర్నెల్లలో రిటైరయ్యే మనిషి. ఆయన పక్కన, ఫారాలు లెక్కపెట్టే లెక్కల మాస్టారు. కిటికీ దగ్గర పొలం రైతుల తరఫు ప్రతినిధి, డెబ్బై దాటిన ముసలాయన. కాలువ మీద అన్నిటికన్నా చివరన ఉన్న పొలం ఆయనది. నీళ్లు అందరినీ తడిపి, మిగిలితే ఆయన దగ్గరికొస్తాయి. అందుకని అందరూ ఆఖరిమడి పెద్దాయన అంటారు.

మరదలు గుమ్మంలో తటపటాయిస్తుంటే ఆయనే లేచి తన కుర్చీ చూపించాడు. "ఇలా రామ్మా, ఇక్కడ గాలొస్తుంది," అని పక్క కుర్చీలోకి జరిగాడు. మీ ఆయన గురించి విన్నాను అని కానీ, అయ్యో అని కానీ అనలేదు. మంచినీళ్ల గ్లాసు ఆవిడ ఎడమచేతి వైపు పెట్టాడు. ఆ ముసలాయన మరదలి కుడిచెయ్యిని అప్పటికే చూశాడన్నమాట.

గోడ గడియారం నాలుగున్నర చూపించింది.

పెద్దసారు గొంతు సవరించుకున్నాడు. "సోమవారం ఈ జాబితా మంత్రుల ముందుకి వెళ్తుంది. ఇవాళ మన పని చాలా చిన్నది. గోడ మీద ఉన్న వరస సరే అనుకుంటే అందరం కింద సంతకాలు పెడతాం, టీ తాగుతాం, వెళ్లిపోతాం. ఎవరికైనా అభ్యంతరాలున్నాయా?"

లేవని చెప్పడానికి లెక్కల మాస్టారు తలూపబోయాడు.

"ఒక్క నిమిషమండీ," అంది మరదలు. "మాది ఎక్కడుందో నాకు కనపడటం లేదు."

"ఏదమ్మా?"

"మాకు ఒంట్లో బాగోలేకపోతే ఆవుల్ని చూసుకోవడానికి బదులు మనిషిని పంపిస్తారని... ఆయన చెప్పారండీ, ఆ మాట జాబితాలో పెట్టించానని. పైనుంచి కిందదాకా రెండుసార్లు చదివాను. లేదు."

వరసమ్మ లేచి గోడ దగ్గరికి నడిచింది. దారం దాటి, ఇంకా కిందకి వంగి, పందొమ్మిదో అట్ట మీద వేలు పెట్టింది.

మరదలు పైకే చదివింది. "అనారోగ్య కాలంలో ప్రత్యామ్నాయ శ్రామిక సేవ." రెండోసారి లోపల చదువుకుంది. "ఇదేనా? దీన్ని ఇలా రాసిందెవరు?"

"నేనే," అంది వరసమ్మ.

"నేను పది దాకా చదివాను వదినా. నాకే అర్థం కాలేదు."

"ఆఫీసు భాష అలాగే ఉంటుందమ్మా," అన్నాడు లెక్కల మాస్టారు సర్దిచెబుతూ. "అయినా మాటదేముంది? ఫారాలు ఊరూరా పంచాం. ముఖ్యమైనవి ఐదు టిక్కు పెట్టమన్నాం. ఎక్కువ టిక్కులు వచ్చింది పైకి వెళ్తుంది, తక్కువ వచ్చింది కిందకొస్తుంది. ఇందులో మా చెయ్యేం లేదు. దీనికి నూట నలభై వచ్చాయి. అదుగో, ఆ పన్నెండోదానికి మూడొందల ఐదు."

"మా ఊళ్లోనే ఇళ్లు నూట పాతిక ఉన్నాయండీ. అందరివీ ఆవులే. మా చుట్టుపక్కల పది ఊళ్లూ అంతే."

"ఫారాలు సమావేశాల్లోనే నింపించాం కదమ్మా. నలభై ఆరు సమావేశాలు పెట్టాం. రాకపోతే మేమేం చేస్తాం?"

"ఎన్నింటికి పెట్టారు?"

ఆ ప్రశ్న వేసినప్పుడు మరదలి గొంతులో కోపం లేదు. బస్సు ఎన్నింటికని అడిగినట్టు అడిగింది. లెక్కల మాస్టారు కాగితాలు తిరగేశాడు. "అన్నీ ఒకటే టైము. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర."

మరదలు గడియారం వైపు చూసింది. అందరూ చూశారు.

ఆవుల గురించి తెలియనివాళ్లకి ఇక్కడ ఒక మాట చెప్పాలి. పాలు తీసేది రోజుకి రెండుసార్లు, తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం నాలుగున్నరకి ఒకసారి. ఆరున్నరకి పాల వ్యాను వచ్చి రోడ్డు మీద హారను కొడుతుంది, రెండు నిమిషాలు చూసి వెళ్లిపోతుంది. ఆ రెండు గంటలూ పాడి ఊళ్లో పెళ్లి జరిగినా చావు జరిగినా పాకలోంచి మనిషి బయటికి రాడు. ఇరుగుపొరుగుని సాయం అడుగుదామంటే వాళ్లూ ఆ టైములో వాళ్ల ఆవుల కింద కూర్చుని ఉంటారు. సాయం దొరకనిది సరిగ్గా సాయం కావలసిన గంటలోనే.

ఇదంతా వరసమ్మకి ఎవరో వచ్చి చెప్పాలా? ఆవిడ పుట్టింది ఆ పాక పక్కనే. బడినుంచి వస్తూనే పలక విసిరేసి దూడల్ని పట్టుకునేది. అలాంటి మనిషి నాలుగున్నర అని రాసేసింది. ఎందుకు రాసిందయ్యా అంటే మంచికే రాసింది. పగలు పెడితే పొలం పని పాడవుతుందని అంతకుముందు రైతులు గోల పెట్టారు. పొలంవాళ్లు ఇళ్లకి చేరే వేళ నాలుగున్నర, ఆఫీసు జీపులు ఎనిమిదికల్లా వెనక్కి వచ్చేస్తాయి. అన్నివిధాలా బాగుందనుకుంది. పద్దెనిమిదేళ్లు ఐదో అంతస్తులో కూర్చుంటే సాయంత్రం నాలుగున్నర అంటే టీ వేళ అయిపోతుంది.

"టైము పెట్టింది కూడా నేనే," అంది వరసమ్మ. ఎవరూ అడగలేదు. తనంతట తనే చెప్పింది.

"తెలుసు వదినా. ఆయన మీకు ఫోను చేసినప్పుడు పక్కనే ఉన్నాను."

ఆ ఫోను వరసమ్మకి బాగానే గుర్తుంది. "ఏమే అక్కా, నాలుగున్నర పెట్టింది నువ్వేనా!" అని పకపకా నవ్వాడు. "ఒక్క పూట ఎవరికైనా అప్పజెప్పి రారా" అంది తను. "ఎవరికి అప్పజెప్పనే?" అన్నాడు. ఇంకేదో పని తగిలి ఫోను పెట్టేసింది. కమిటీ కూడా ఆ వేళకే నాలుగుసార్లు కూడింది, నాలుగుసార్లూ పాడి ప్రతినిధిగా తమ్ముడి కుర్చీ ఖాళీ. మినిట్సు పుస్తకంలో నాలుగుచోట్లా 'గైర్హాజరు' అని గుండ్రటి అక్షరాలతో రాసింది వరసమ్మే. రాసినప్పుడు చెయ్యి తడబడిందా అంటే లేదు.

పెద్దసారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా, మీరు చెప్పేది న్యాయమే. మరి ఇవాళ మీరు ఎలా రాగలిగారు? ఎవరైనా చూసుకుంటున్నారా ఆవుల్ని?"

మరదలు గ్లాసు ఎడమచేత్తో ఎత్తి ఒక గుక్క తాగి మళ్లీ పెట్టింది.

"నిన్న లారీ వచ్చిందండీ. ఎక్కించి పంపేశాను. ఎనిమిదీ వెళ్లిపోయాయి." వదిన వైపు తిరిగింది. "పధ్నాలుగేళ్లలో మొదటిసారి, వదినా, ఈ టైముకి నాకు పనిలేదు. అందుకే రాగలిగాను."

వరసమ్మకి సిగ్గేసింది. ఇరవై రెండు రోజుల తర్వాత ఆవిడకి కలిగిన మొట్టమొదటి భావం అది. దుఃఖం కాదు, సిగ్గు. చెవులు వేడెక్కాయి. కుర్చీ వెనక భాగం పట్టుకుని నిలబడింది.

"ఇంక ఆ బదులు మనిషి వచ్చినా నాకు ఒరిగేదేం లేదండీ," అని మరదలు మెల్లగా చెప్పుకుపోయింది. "నా కోసం రాలేదు. మా వీధిలోనే ఒకావిడకి నెలలు నిండాయి. రోజూ రెండుపూటలా ఆవిడే పాలు తీస్తోంది. ఇంకో ఇంట్లో ఆయనకి చూపు ఆనదు. వాళ్లందరూ మా ఆయన్ని నమ్మి ఫారాలు నింపి ఇచ్చారు. అవేమయ్యాయో కనుక్కురమ్మన్నారు. ఆ ఫారాలు కలిపే మీరు నూట నలభై అంటున్నారా?"

"ఏ ఫారాలు?" అన్నాడు లెక్కల మాస్టారు.

"సమావేశానికి ఎవరూ రాలేరని ఆయనే ఆఫీసుకి రాసి ఫారాలు తెప్పించుకున్నారండీ. పొద్దున పాలు పోశాక సైకిలేసుకుని పది ఊళ్లూ తిరిగేవారు. అన్నీ నింపించి, గడువుకి ముందే తెచ్చి ఇక్కడ ఇచ్చి వెళ్లారు."

"ఇక్కడంటే ఎవరికి? నా దగ్గరికి రాలేదే. రిజిస్టరులో ఎక్కలేదు."

మరదలు తలెత్తి వదినని చూసింది. "మీకే ఇచ్చానన్నారు, వదినా. తెల్ల సంచీ."

వరసమ్మ చూపు వరండా అవతల తన గది వైపు పోయింది.

తెల్ల సంచీ. దాణా వచ్చే సంచీ. పోయిన నెల ఏడో తారీఖు, మధ్యాహ్నం. తమ్ముడు వరండాలో నిలబడి ఉన్నాడు, తను ఫోనులో ఎవరితోనో వాదిస్తూ బయటికి వచ్చింది. "అక్కా, గడువు పదో తారీఖు కదా, ముందే తెచ్చేశా" అన్నాడు. ఆవిడ వినలేదు. చెవి ఫోనుకి అప్పగించి, చేత్తో లోపల పెట్టమని సైగ చేసింది. అమ్మ కుట్టిన పాత దుప్పట్లు పట్టుకురమ్మని తనే ఎన్నాళ్లుగానో తమ్ముణ్ని పోరుతోంది కనక అవే అనుకుంది. అతను సంచీని బీరువా మీద పెట్టి, మూడింటి బస్సు పోతే పాలవేళ దాటిపోతుందని పరుగెత్తాడు. మంచినీళ్లయినా తాగాడో లేదో! మూడు వారాలు ఆ సంచీ జోలికి పోలేదు, తీరిక లేక. ఆ తర్వాత తమ్ముడే పోయాడు. వాడు చేత్తో ఇచ్చిన ఆఖరి వస్తువది. విప్పడానికి భయం వేసి అలాగే ఉంచేసింది.

ఎవరితో ఏమీ చెప్పకుండా గది బయటికి నడిచింది. వరండా దాటి తన గదిలోకి వెళ్లి, స్టూలెక్కి సంచీ దింపింది. బరువుగా ఉంది. దుప్పట్లకి ఇంత బరువేమిటని ఆనాడే అనుమానం రావాల్సింది. రాలేదు మహాతల్లికి.

సంచీ తెచ్చి బల్ల మీద పెడితే లెక్కల మాస్టారు ముడి విప్పబోయాడు. లాగినకొద్దీ బిగుసుకుంది. గోళ్లతో పీకాడు. "కత్తెర తెండి," అన్నాడు.

"అక్కర్లేదు," అంది వరసమ్మ.

అది దూడని కట్టే ముడి. అక్కాతమ్ముళ్లిద్దరికీ నాన్న ఒకే రోజు నేర్పించాడు. దూడ ఎంత గుంజినా ఊడదు, తెలిసినవాళ్లు రెండో కొసని పట్టి ఒక్కసారి లాగితే జారిపోతుంది. వరసమ్మ ఆ ముడి చూసి ముప్ఫై ఏళ్లయింది. అయినా వేళ్లు వాటంతట అవే రెండో కొసని వెతుక్కున్నాయి. ఒక్క లాగు లాగింది, తాడు ఊడి బల్ల మీద పడింది. ఆ ఆఫీసులో ఈ ముడి విప్పగలిగేది అక్క ఒక్కతేనని అతను నమ్మకంగా కట్టి ఇచ్చాడు.

లోపల ఫారాలు. పాతికేసి నూలుదారంతో కట్టలు. కొన్నింటి మీద పాల మరకలు, కొన్నింటి మీద పేడ వేలిముద్రలు. ఒక్కో ఫారంలోనూ పందొమ్మిదో వరస దగ్గర, అచ్చు అక్షరాల పైన ఖాళీలో, నీలి సిరాతో తమ్ముడి చేతిరాత. *అంటే మనకి జ్వరమొస్తే పాలు తీయడానికి బదులు మనిషి.* మొదటి ఫారంలోనూ అదే, రెండో దాంట్లోనూ అదే. వరసమ్మ మధ్యలోంచి ఒక కట్ట లాగి చూసింది. అక్కడా అదే. ప్రతి ఫారం మీదా, ప్రతి మాటా, ఒక్క అక్షరం తగ్గించకుండా కూర్చుని రాశాడు. అక్క రాసిన ముక్క జనానికి అర్థం కాదని అతనికి ముందే తెలుసు. తెలిసి, అక్కని ఒక్క మాటైనా అనలేదు.

"గడి బయట ఎంత రాసినా ఫారం చెల్లుతుంది," అన్నాడు లెక్కల మాస్టారు, ఎవరూ అడక్కుండానే. ఆయన గొంతు కూడా కాస్త తగ్గింది. కూర్చుని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆఖరిమడి పెద్దాయన కట్టల దారాలు విప్పి అందిస్తూ పోయాడు. మరదలు మరకల్ని చూస్తూ "ఇది మా పక్కింటివాళ్లది... ఇది ఆ చూపు ఆననాయనది, చూడండి టిక్కు ఎక్కడ పెట్టాడో," అని ఒకసారి చిన్నగా నవ్వింది కూడా. వరసమ్మ నిలబడే ఉంది. ఏమైనా అనిపిస్తోందా అని తనని తానే తడిమి చూసుకుంది. సిగ్గు ఒకటి ఉంది. మిగతా చోటంతా పన్ను పీకేముందు మొద్దుబారిన చిగుళ్లలా ఉంది.

ఐదున్నరకి లెక్క తేలింది. ఫారాలు రెండొందల పన్నెండు, బదులు మనిషికి టిక్కులు రెండొందల ఎనిమిది.

"పాతవాటితో కలిపితే మూడొందల నలభై ఎనిమిది," అన్నాడు లెక్కల మాస్టారు. "దారం దాటుతుంది. పదకొండో స్థానం."

మరదలు కళ్లు మూసుకుంది.

"దాటుతుంది సరే," అన్నాడు పెద్దసారు. "ఎప్పుడు అందినట్టు?" వచ్చిన కాగితాలు ఎక్కించే రిజిస్టరు దగ్గరికి లాక్కుని వరసమ్మ ముందుకి తోశాడు. గొంతు తగ్గించాడు. "చూడమ్మా, నీ మంచి కోరే చెబుతున్నాను. గడువు పోయిన నెల పది. ఏడో తారీఖున అందాయని రాస్తే ఇవి చెల్లుతాయి. కానీ అప్పుడు ఆరు వారాలు రైతుల ఫారాలు బీరువా మీద దాచినట్టు నీ చేత్తో నువ్వే రాసిచ్చినట్టు అవుతుంది. అది కూడా సొంత తమ్ముడు ఇచ్చినవి. ఎవరు నమ్ముతారు? సోమవారానికి నీ బల్ల దగ్గర ఇంకొకరు కూర్చుంటారు. నేను ఆపలేను. ఇవాళ అందాయని రాస్తే ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. వచ్చే ఐదేళ్లకి చూద్దాం."

"ఇవాళ రాస్తే ఇవి చిత్తు కాగితాలే కదండీ," అంది మరదలు.

పెద్దసారు మళ్లీ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

వరసమ్మ కలం తీసింది. చేతిలో కలం ఉందని తెలుస్తోంది, పట్టుకున్నట్టు తెలియడం లేదు. పద్దెనిమిదేళ్ల బల్ల, కిటికీ, తన పేరున్న టీ కప్పు, అన్నీ ఒక్కసారి కళ్లముందుకొచ్చాయి. అవి పోతాయంటే బాధ కలగాలి కదా అనుకుని ఒక క్షణం ఆగి చూసింది. కలగలేదు. 'అందిన తేదీ' గడిలో పోయిన నెల ఏడు అని రాసింది. పక్క గడిలో, ఇంతకాలం ఎవరి చేతిలో ఉన్నాయన్న చోట, తన అసలు పేరు పూర్తిగా రాసి సంతకం పెట్టింది.

"వదినా," అంది మరదలు.

లెక్కల మాస్టారు లేచి గోడ దగ్గరికి వెళ్లాడు. పందొమ్మిదో అట్ట ఊడదీసి, పదకొండు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి చూశాడు. "మరి ఒకటి కిందకి దిగాలి కదండీ. దారం పైన పన్నెండే."

అప్పుడు చూశారందరూ పన్నెండో అట్టని. 'కాలువ చివరి పొలాలకు నీరు. పూడికతీత.'

కుర్చీ చప్పుడైంది. ఆఖరిమడి పెద్దాయన లేచాడు. ఇందాకటినుంచీ ఆ మనిషి నోరు విప్పి తన గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. గంటసేపు కూర్చుని, తన అట్టని కిందకి దింపే ఫారాల కట్టలు తన చేత్తోనే విప్పి అందించాడు. మెల్లగా గోడ దాకా నడిచి, మేకు పట్టుకుని నిలదొక్కుకుని, పన్నెండో అట్టని తనే జాగ్రత్తగా ఊడదీశాడు. దారం కింద పెట్టలేదు. చేతిలోనే పట్టుకుని ఇటు తిరిగాడు.

"బాబాయ్ గారూ," అంటూ మరదలు లేవబోయింది.

"నువ్వు కూర్చో తల్లీ. నీది న్యాయం. నీ మీద నాకేం లేదు." ఆయన చూపు వరసమ్మ మీదకి తిరిగింది. "పోయినసారి నాది పదమూడు. ఒక్క మెట్టులో పోయింది. ఇదే గదిలో, ఇక్కడే నిలబడి నువ్వే చెప్పావమ్మా, ఈసారికి ఓపిక పట్టండి, వచ్చేసారి పైకొస్తుంది అని. నీ మాట మీద ఐదేళ్లు పట్టాను. పెద్దాడు పట్టలేకపోయాడు, పొలం వదిలేసి వెళ్లిపోయాడు. ఇప్పుడు ఇంట్లో నేనూ, చిన్నాడూ, ఈ అట్టా. చిన్నాడు కింద గేటు దగ్గర కూర్చుని ఉన్నాడు, ఏం జరిగిందో వినడానికి."

అట్టని రెండు చేతులతో ఆవిడ ముందుకి చాచాడు.

"వరస పేర్చేది నువ్వే కదా. దీన్ని ఎక్కడ పెట్టమంటావో చెప్పు, పెట్టేసి వెళ్తాను."

ఓపిక పట్టండి అన్న మాట వరసమ్మ నాలుక చివర ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. ఈసారి దాని కోసం వెతికితే అక్కడ లేదు. దాని బదులు, ఇరవై రెండు రోజులుగా ఎక్కడ దాక్కుందో తెలియని ఏడుపు గొంతులోకి ఎగదన్నుకొచ్చింది. వచ్చి వచ్చి ఇప్పుడా! కింద వీధిలో ఏదో వ్యాను రెండుసార్లు హారను కొట్టింది. మరదలు ఉలిక్కిపడి, సగం లేచి, లేవాల్సిన పని లేదని గుర్తొచ్చి మళ్లీ కూర్చుంది.

ముసలాయన చేతులు చాచి అలాగే నిలబడి ఉన్నాడు.